దేవుడు తోడు రాని కనాను మోషేకు అక్కర్లేదు

"పాత నిబంధన భక్తులకు రక్షణ ఉందా? ఉంటే అది ధర్మశాస్త్రం పాటించి సంపాదించుకున్నదా?" అని అడిగారు. యూదులది క్రియల మతం, మనది కృప అని మీ బైబిలు స్టడీలో ఎవరో తేల్చేశారట. ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను, విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది. అది నిజం కాదు. నిర్గమకాండం వరుసగా చదివిన వాళ్లెవరూ ఆ మాట అనలేరు.

వరుస చూడండి. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడ్డ ఇశ్రాయేలు జనం ఎర్ర సముద్రం దాటింది 14వ అధ్యాయంలో. పది ఆజ్ఞలు వచ్చింది 20వ అధ్యాయంలో. ముందు విడిపించాడు, తర్వాతే ఆజ్ఞలిచ్చాడు. పైగా ఆ పదింటికి ముందున్న వాక్యంలో చెయ్యమని గానీ మానమని గానీ లేదు. ఐగుప్తు నుంచి మిమ్మల్ని బయటికి తెచ్చిన మీ దేవుణ్ణి నేను అని తనెవరో చెప్పుకుంటాడు. యూదులు ఆ వాక్యాన్నే పదింటిలో మొదటిదిగా లెక్కపెడతారు. బంధం కలిశాక ఆ బంధంలో ఎలా మసలుకోవాలో చెప్పేదే ధర్మశాస్త్రం.

నాకు అన్నిటికంటే పెద్ద ఆధారం 32, 33 అధ్యాయాలు. జనం బంగారు దూడ చేసుకుని మొక్కారు. దేవుడు వాళ్లను నడిపిస్తున్న మోషేతో, నువ్వు ఐగుప్తు నుంచి తెచ్చిన నీ ప్రజలు చెడిపోయారు అంటాడు. మోషే వెంటనే, నువ్వు తెచ్చిన నీ ప్రజల మీద నీకింత కోపమెందుకు అని తిప్పి అడుగుతాడు. పిల్లవాడు ఏదైనా పాడు చేస్తే "నీ కొడుకు చేసిన పని చూడు" అని అమ్మా నాన్నా ఒకరి మీదికి ఒకరు తోసుకున్నట్టు ఉంటుంది ఆ సంభాషణ. ఇద్దరికీ ఆ పిల్లవాడు కావాలి కాబట్టే ఆ గొడవ.

తర్వాత దేవుడు చెప్పిన మాట దగ్గర ఆగి చదవండి. పాలు తేనెలు ప్రవహించే కనాను దేశానికి వెళ్లండి, దూతను ముందు పంపిస్తాను, శత్రువులను వెళ్లగొడతాను, నేను మాత్రం మీతో రాను అంటాడు. మనలో చాలామంది రక్షణ అనుకునేదంతా అందులో ఉంది. క్షేమం ఉంది, విజయం ఉంది, చేరాల్సిన చోటు ఉంది. ఆయన ఒక్కడే లేడు. అది విని జనం ఏడ్చారు, ఒంటి మీద నగలు వేసుకోలేదు. మోషే అయితే, "నీ సన్నిధి రానియెడల ఇక్కడనుండి మమ్మును తోడుకొని పోకుము" అన్నాడు. ఎడారిలో నిలబడి కనానునే వద్దన్నాడు. హెబ్రీ లేఖనాల్లో, అంటే పాత నిబంధనలో, రక్షణ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ వాక్యం చూపిస్తాను.

ఇది నాకు పుస్తకం చదివితే అర్థమైంది కాదు. మా నాయనమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆమె పెద్ద కూతురు పోయింది. చివరి రోజుల్లో ఆమెను ఆసుపత్రిలో చేర్చినప్పుడు పక్కన నేనే ఉన్నాను. ఒక సాయంత్రం వార్డులో కరపత్రాలు పంచుతూ ఒకాయన వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "మామ్మగారూ, మీరు రక్షణ పొందారా? ఏ తేదీన?" అని అడిగాడు. చేతికి సెలైను సూది, దాని మీద ప్లాస్టరు సగం ఊడి ఉంది. ఆమె ఆ ప్లాస్టరును బొటనవేలితో అదుముకుంటూ అంది:

"తేదీ ఏం చెప్పను నాయనా. ఉప్పెన రాత్రి నా పిల్ల చేతిలోంచి జారిపోయింది. తెల్లారాక దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ప్రార్థన కూడా మానేశాను. నేనెంత తిట్టినా ఆయన నన్నొదిలి పోలేదు. మళ్లీ ఆయనతోనే మాట్లాడాను. ఇంకెవరితో మాట్లాడతాను?"

కరపత్రాలాయన చేతిపుస్తకంలో ఏదో రాసుకుని, "అయితే తేదీ గుర్తు లేదన్నమాట" అంటూ పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె జీవితమంతా దేవునితో నడిచింది. ఈయన దాన్ని జనన ధృవీకరణ పత్రంలా చూశాడు. ఫలానా కూటాల్లో, ఫలానా రోజున చెయ్యెత్తాను అని సాక్ష్యం చెప్పేవాళ్లను నేను కాదనను. కానీ ఇశ్రాయేలు మూలపురుషుడు అబ్రాహామును తేదీ అడగండి. ఇల్లు వదిలిన రోజా, నక్షత్రాలు లెక్కపెట్టమన్న రాత్రా, కొడుకుతో మోరీయాకు బయలుదేరిన ఉదయమా? అది ఒక రోజున పూర్తయ్యే లావాదేవీ కాదు కాబట్టే ఆయన కథ అన్ని అధ్యాయాలు నడిచింది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి ఒక్కో బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దానపు కార్డులు తీసుకుంటాం కదా. యిర్మీయా 29:11 వస్తే ఎంత సంతోషమో! సమాధానకరమైన ఉద్దేశాలట, ఇక ఈ ఏడాది ఉద్యోగమో వీసానో ఖాయమనుకుంటాం. దానికి ముందున్న వచనం ఎవరు చదువుతారు? బబులోనులో బందీలుగా ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం అది. 70 ఏళ్లు నిండాకే తిరిగి రప్పిస్తానంటాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ యెరూషలేము చూసి ఉండరు. మరి వాళ్లకు దక్కిందేమిటి? కింద 13వ వచనంలో ఉంది: పూర్ణ మనస్సుతో వెతికితే నన్ను కనుగొంటారు అని. బబులోనులోనే, గుడి లేని చోటే, ఆయన దొరుకుతాడు. కార్డు మీద వెయ్యాల్సింది అది.

చనిపోయాక పరలోకానికి వెళ్లడమే రక్షణ అనుకుని పాత నిబంధన తెరిస్తే పెద్దగా ఏమీ దొరకదు. దానియేలు 12లో పునరుత్థానం స్పష్టంగా ఉంది, మిగతా చోట్ల ఎక్కువగా చనిపోయినవాళ్లు చేరే పాతాళం, మౌనం. అయినా ఆ భక్తులు దేవుణ్ణి వదల్లేదు. "నేను మీకు దేవుడనై యుందును, మీరు నాకు జనులై యుందురు" అన్న ఒక్క మాట ధర్మశాస్త్రంలో ఉంది, ప్రవక్తల్లో ఉంది. హోషేయ ప్రవక్త కాలంలో మీరు నా జనం కారు అన్నంతవరకు వెళ్లి కూడా, మళ్లీ నా జనమే అంటాడు. యూదులు ఇప్పటికీ ఆ విడుదలను గుర్తు చేసుకునే పస్కా పండుగ రాత్రి, ప్రతి తరంలోనూ ఎవరికి వాళ్లు తామే ఐగుప్తు నుంచి బయటికి వచ్చినట్టు ఎంచుకోవాలని చెప్పుకుంటారు. క్రియలు లెక్కపెట్టుకునేవాళ్లు చేసే పనేనా అది?

మీ బైబిలు స్టడీవాళ్లతో ఈసారి 88వ కీర్తన చదివించండి. మా నాయనమ్మకు కంఠతా వచ్చిన కీర్తన అది. అందులో అలలు ముంచేస్తాయి, స్నేహితులు దూరమవుతారు, ప్రార్థనకు జవాబు రాదు, చివరి మాట కూడా చీకటే. కానీ మొదటి మాట "యెహోవా, నాకు రక్షణకర్తయగు దేవా". విడుదల ఇంకా రాలేదు, ఆయన మాత్రం అప్పటికే రక్షణకర్త. ఆ కీర్తన రాసినవాడు రక్షణ పొందాడా లేదా అని వాళ్లనే అడగండి.