ఫొటోలో సగం భుజం

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి,

నీ కథ రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్ళ తరువాత బెంగళూరు నుంచి తిరిగొచ్చిన కొడుకు, పోయిన తండ్రి గది తాళం తీసే చోట నా గొంతు పట్టుకుపోయింది. ఆ భాగం మీద నేను చెయ్యి పెట్టను. నేను రాయాలనుకున్నది రెండో పేజీలో, టిఫిన్ హోటల్లో నీళ్ళగ్లాసు పెట్టి పోయిన పిల్లోడి గురించి. ‘హిందీ కుర్రాడు వచ్చి నీళ్ళు పెట్టాడు’ అన్నావు. తరువాతి పేజీలో అతను తెలుగు తప్పుగా మాట్లాడితే మీ కథానాయకుడు నవ్వుతాడు. ఊరొచ్చాక ఆయన మొదటిసారి నవ్వడానికి నీకొక మనిషి కావాల్సొచ్చాడు. ఆ నవ్వు అయిపోగానే పిల్లోడు మాయమయ్యాడు.

నేనూ ఇదే చేశాను. అందుకే నాకు తొందరగా కనబడింది.

మా నాయన అలిపిరిలో, పాదాలమండపం దగ్గర టెంకాయలు, కర్పూరం అమ్మేవాడు. కొండెక్కేవాళ్ళు అక్కడ టెంకాయ కొట్టి మొదటి మెట్టుకు మొక్కుతారు. ముందర 3,550 మెట్లు ఉంటాయి కాబట్టి ఎవరి ధ్యాస వాళ్ళది. కెమెరా ఉన్నవాళ్ళు అక్కడే నిలబడి ఫొటో తీసుకునేవాళ్ళు. ‘కొంచెం జరుగు సామీ’ అంటే మా నాయన జరిగేవాడు. గంప మాత్రం అంత తేలిగ్గా జరగదు కదా, దానితోపాటు ఆయనా కొంచెం మిగిలిపోయేవాడు. ఎవరెవరి ఇళ్ళ ఆల్బముల్లోనో మా నాయన సగం భుజం ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు.

రోజూ వేలమంది తమ తమ కథలు మోసుకుని మన ఊరికొస్తారు. పెళ్ళి కుదిరిందని, బిడ్డ బతికిందని, అప్పు తీరిందని. ఆ కథల్లో మనం ఆటోవాళ్ళం, లాడ్జి గుమాస్తాలం, పూలమ్మేవాళ్ళం. ఇలాంటి ఊళ్ళో పుట్టి, అలాంటి తండ్రికి కొడుకునై, కలం పట్టిన రోజునుంచీ నేను చేసిందేమిటంటే కథలో దారికడ్డం వచ్చినవాళ్ళందరినీ ‘కొంచెం జరుగు సామీ’ అనడం.

నా తొలి కథల్లో ఒకదాంట్లో, కొడుకును పోగొట్టుకున్న తండ్రి తలనీలాలు ఇస్తాడు. కల్యాణకట్టలో ఆయన దుఃఖం రెండు పేజీలు రాశాను. గుండు గీసినాయనకు అరవాక్యం. చాలా ఏళ్ళకు నేనే అక్కడ తల వంచుకుని కూర్చున్నాను. తల తడిపిన మనిషి కత్తి పెట్టబోతూ ఆగి, “రెండు సుళ్ళుండాయే సామీ, రెండు పెండ్లిళ్ళా?” అన్నాడు. లేదన్నాను. “అందురూ లేదనే అంటారు” అని పని మొదలుపెట్టాడు. మాటల్లో చెప్పాడు, తనకు మొహాలు గుర్తుండవట, సుళ్ళూ పాత దెబ్బల మచ్చలూ గుర్తుంటాయట. మచ్చ తగిలినచోట చెయ్యి తనంతట తనే నెమ్మదిస్తుందట. కిందికి దిగొచ్చేదాకా నాకు నా పాత కథే తలపుకొస్తూ ఉండింది. ఆ తండ్రిని అంత దుఃఖంలో వేళ్ళతో తాకినవాడు కథ మొత్తానికీ ఒక్కడే. ఆ వేళ్ళకు ఏం తెలిసిందో నేను అడగనే లేదు.

1909లో గురజాడ పెంచి తిరగరాసిన కన్యాశుల్కం మళ్ళీ తీసి, బండివాడి సంగతి వచ్చే చోటు చూడు. అతను మన కళ్ళముందుకు రాడు, గిరీశం నోటివెంట వింటాం, అంతే. రెండు గంటలసేపు నేషనల్ కాంగ్రెస్ గురించి లెక్చరిస్తే, అంతా విని, తమ ఊరి హెడ్ కానిస్టేబుల్‌ని ఎప్పుడు బదిలీ చేస్తారని అడిగాడట. గిరీశానికి అది మొద్దుతనం. నాకు మాత్రం ఆ ఒక్క ప్రశ్నలోంచి ఆ ఊరు, ఆ కానిస్టేబుల్ లాఠీ, అతని పేరు చెబితే తలుపులు వేసుకునే ఇళ్ళు, అన్నీ కనబడతాయి. బండివాడికి పేరు లేదు, వెనకటి కథ లేదు. ఒక అక్కర ఉంది. గిరీశం ఎంత మాట్లాడినా ఆ అక్కరను పక్కకు జరపలేకపోయాడు.

ఈ ఉత్తరం చదివి నువ్వు ఆ పిల్లోడికి ఒక పేరా గతం అతికిస్తావేమోనని నా భయం. వరదలో ఇల్లు పోయింది, చెల్లెలికి పెళ్ళి చెయ్యాలి, ఇలాంటివి. అలా చేస్తే మీ కథానాయకుడు ముందు నవ్వినట్టే తరువాత జాలిపడతాడు, మిగతాదంతా ఎప్పట్లాగే. పోనీ నోట్లో ఒక జ్ఞానవాక్యం పెట్టావనుకో, అదీ అంతే. మన కథల్లో, సినిమాల్లో పిచ్చివాడెప్పుడూ సత్యమే పలుకుతాడు, గూర్ఖా ఎప్పుడూ నిజాయితీపరుడే. వాళ్ళకు చిరాకు పడే హక్కు, అబద్ధమాడే హక్కు కూడా మనం ఇవ్వలేదు. ఆ పిల్లోడు నీళ్ళు పెడుతూ వీధిలోకి ఎందుకు చూశాడో నీకు తెలిస్తే చాలు. ఆ చూపు వల్ల గ్లాసు కొంచెం తొణకాలి.

ఇంకొకటి. మన తెలుగులో రాసేవాళ్ళు మనిషి పేరైనా దాచగలరేమోగానీ, ఆ మనిషిని ఏ ఎత్తులో నిలబెట్టారో దాచలేరు. నీ కథలో కథానాయకుడు ‘అతను’. లాయరు ‘ఆయన’. పిల్లోడు ‘వాడు’. ఊడ్చే ఆమె ఒకచోట ‘అది’. హోటల్ యజమాని నోట ఆ మాటలు వస్తే రానీ, అది ఆయన స్వభావం. కథ చెప్పే గొంతు నీది. అందులో ‘వాడు’ అని ఎవరన్నారు, నువ్వా, నీకు తెలియకుండా నీలో కూర్చున్న యజమానా? ఒక్క పూట కూర్చుని సర్వనామాలన్నీ కలంతో చుట్టు. నేను నా పాత కథలకు అలా చేసి చూసుకున్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాట సంగతి కూడా చెప్పాలి. సినిమాల్లో మన చిత్తూరు యాస చాలాకాలం నవ్వించేవాళ్ళకూ, విలన్ వెనక నిలబడేవాళ్ళకూ పోయింది. మనం ఏడ్చేటప్పుడు కూడా ‘యాడికి పోయినావురా నాయనా’ అనే ఏడుస్తామని తెరకు చాలా ఆలస్యంగా తెలిసింది. హైదరాబాదు హాస్టల్లో నీ మాటకు తోటిపిల్లలు నవ్వారని నువ్వే నాతో చెప్పుకున్నావు, చెబుతూ కళ్ళు తుడుచుకున్నావు. మరి ఈ పిల్లోడి మాటకు నీ కథలో నవ్వు ఎలా పెట్టగలిగావు తల్లీ?

1957 నాటి మాయాబజార్‌లో ఒక చిన్న రాక్షసుడు ‘అస్మదీయులు’ అనడం రాక ‘అసమదీయులు’ అంటాడు. ఘటోత్కచుడు దాన్ని తప్పని కొట్టెయ్యడు, మాటలు అలాగే పుడతాయంటాడు, వీరతాడు వెయ్యమంటాడు. పింగళి నాగేంద్రరావు రాసిన ఆ తప్పుమాట ఇప్పటికీ మన పత్రికల్లో నడుస్తూ ఉంది. నోరు తిరగనివాడు భాషకు ఒక మాట ఇచ్చి పోయాడు.

హోటల్లో పనికి చేరినవాళ్ళకు ‘సామీ’ మొదటిరోజే వస్తుంది. తరువాత అంకెలు, ఆ తరువాత చట్నీ, కారంపొడి, పార్సెలు. ‘నాకు ఒళ్ళు బాగాలేదు’ అనే మాట ఎప్పటికి వస్తుంది? అతని తప్పులు ఏరి పెట్టకు. ఏ మాటలు అతని దగ్గర ఉన్నాయి, ఏవి ఇంకా రాలేదు, అది కనుక్కో.

రేపో ఎల్లుండో గాంధీరోడ్డులో ఏదో ఒక హోటల్లో, జనం తగ్గాక, మధ్యాహ్నం మూడింటప్పుడు వెళ్ళి కూర్చో. పనివాళ్ళు భోంచేసే వేళ అది. నోటుబుక్కు తియ్యకు, ఫోనులో ఫొటో అసలే తియ్యకు. తిరిగొచ్చాక నీ కథలో పిల్లోడు ఆ పొద్దు ఎన్నింటికి లేచాడో, గ్లాసు పెడుతూ వీధిలోకి ఎవరికోసం చూశాడో నాకు చెప్పు. కథలో రాయకపోయినా సరే, నాకు మాత్రం చెప్పు.

ఇట్లు,
మీ అయ్యోరు