పగ లేకుండానే పక్షపాతం

ప్రశ్న: రంగు, కులం, పాత గొడవ ఏవీ లేకపోయినా మనుషులు ‘మనోడు, పరాయోడు’ అని చూస్తారా?

జవాబు: చూస్తారు. సామాజిక మనస్తత్వవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ 1970లో ప్రచురించిన ప్రయోగాలే సాక్ష్యం. బ్రిస్టల్‌లో ఒకే బడి కుర్రాళ్లు, 14–15 ఏళ్లవాళ్లు. తెర మీద చుక్కలెన్నో అంచనా కట్టించి, దాన్నిబట్టే జట్లు కట్టామన్నారు. నిజానికి చీటీలు తీసినట్టు విడగొట్టారు. ఆపై పేరు తెలియని ఇద్దరికి డబ్బు పంచమన్నారు. తమకు మాత్రం వేసుకోకూడదు.

ఆ తర్వాతి ప్రయోగంలో, ఒక పట్టికలో మనోడికి 19, అవతలివాడికి 25 ఇవ్వొచ్చు. లేదా చెరి 13. లేదా మనోడికి 7, అవతలివాడికి 1. మనోడికి తగ్గినా సరే, అవతలివాడికన్నా పైన ఉండాలన్న మొగ్గు కనిపించింది! చుక్కల ప్రయోగంలో, ఇద్దరూ ఒకే జట్టయితే మాత్రం దాదాపు సమానంగానే పంచారు.

జాతివివక్షకు ఇదొక్కటే మూలం కాదు. ఆస్తి, అధికారం వేరే లెక్క. కానీ జవాబుపత్రాల మీద పేరు దాచి కోడ్ వేయడం ‘పక్షపాతం వద్దు’ అనే ఉపన్యాసాలకన్నా ఎందుకు మెరుగ్గా పనిచేయగలదో ఇక్కడ తెలుస్తుంది: దిద్దేవాడికి జట్టే కనబడదు.