ఐడీఈ (కోడ్ రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్) లేకుండా బ్రౌజర్‌తోనే ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్) ఎక్కించొచ్చా? మధ్యలో ఆగితే బోర్డు పోతుందా?

ఎక్కించొచ్చు. బోర్డు పోదు. మిమ్మల్ని ఏడిపించేది బ్రౌజర్ కాదు, కేబుల్.

మాది విశాఖ, లాసన్స్ బే కాలనీ. మేడెక్కితే సముద్రం కనిపిస్తుంది. ఆ ఉప్పుగాలికి గేటు కీలు దగ్గర్నుంచి ఏసీ డబ్బా దాకా ఏదీ మిగలదు, ఏటా పెయింటు డబ్బులు దండగ. మా అపార్ట్‌మెంట్ ట్యాంకు నిండగానే మోటారు ఆగేలా ఒక ఈఎస్‌పీ32, నీళ్ళ దాకా దూరాన్ని శబ్దంతో కొలిచే ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్ నేనే పెట్టాను. పోయిన వేసవిలో ఓ ఆదివారం ట్యాంకు పొర్లి నీళ్ళు మెట్ల మీదుగా కారాయి. మూడో అంతస్తు ఆవిడ "ఏటండీ మీ కంప్యూటరు, దీనికన్నా మన వాచ్‌మన్ నయం కదా" అన్నారు అందరి ముందూ.

కోడ్ చెడిపోయి ఉంటుందని మళ్ళీ ఎక్కిద్దామంటే నా లాప్‌టాప్ రిపేర్లో ఉంది. ఇంటికొచ్చిన మేనకోడలి దగ్గర ఆఫీసుది ఉంది గానీ, "ఇందులో ఏదీ ఇన్‌స్టాల్ అవదు మావయ్యా, పాస్‌వర్డ్ మా ఐటీ వాళ్ళ దగ్గరే ఉంటుంది" అంది. క్రోమ్ ఉందా అన్నాను. ఉంది. 2021లో 89వ వెర్షన్ నుంచి క్రోమ్‌లో వెబ్ సీరియల్ (బ్రౌజర్ నుంచే బోర్డుతో మాట్లాడే సదుపాయం) వచ్చింది, ఎడ్జ్‌లోనూ ఉంది. చిప్ చేసే ఎస్ప్రెసిఫ్ వాళ్ళే ఫర్మ్‌వేర్ ఎక్కించే ఈఎస్‌పీటూల్‌ని బ్రౌజర్ పేజీలోనే నడిచేలా జావాస్క్రిప్ట్‌లో ఇచ్చారు. పాత బిన్ ఫైలు (ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న ఫర్మ్‌వేర్) నా మెయిల్లోనే ఉంది.

మేడ మీద ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి బోర్డు తగిలించాం. ఎర్ర లైటు వెలిగింది, పోర్టుల జాబితా ఖాళీ. డ్రైవర్ అనుకున్నాం, రీస్టార్ట్ చేశాం, ఎండలో అరగంట గడిచింది. చివరికి వాచ్‌మన్ తన ఫోన్ కేబుల్ తెచ్చిస్తే పోర్టు టక్కున కనిపించింది! నాది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది, లోపల డేటా తీగలే లేవు. ఆ ముక్క అట్టపెట్టె మీద అచ్చువేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?

ఆ తర్వాత 'కనెక్టింగ్' అని చుక్కలు పడుతూనే ఉన్నాయి. బోర్డు మీది బూట్ బటన్ నొక్కి పట్టుకుంటే కదిలింది. మధ్యలో ఆగినా భయం లేదు అన్నది ఇందుకే: మొదటి బూట్‌లోడర్ (కొత్త ఫర్మ్‌వేర్‌ని అందుకునే చిన్న ప్రోగ్రామ్) చిప్ లోపలి రోమ్‌లో ఉంటుంది, మీరు దాన్ని చెరపలేరు. మళ్ళీ బటన్ నొక్కి మళ్ళీ ఎక్కించుకోవడమే.

నూరు శాతం పడగానే చాలామంది లాప్‌టాప్ మూసేస్తారు. అసలు పని అప్పుడే మొదలు. అదే పేజీలో కన్సోల్ (బోర్డు పంపే మాటలు కనిపించే చోటు) తెరిచి స్పీడు 115200 పెట్టాను (అది తప్పితే పిచ్చి గీతలొస్తాయి). దూరం 0, 0, 0. సెన్సర్ కింద స్టీలు పళ్ళెం పట్టుకోమన్నాను. అప్పుడూ సున్నాయే. సెన్సర్ జవాబు తెచ్చే ఎకో వైరు లాగి చూద్దును కదా, పిన్ను మీద పచ్చగా చిలుము. బ్లేడుతో గీకి గుచ్చాను. పళ్ళెం పైకెత్తితే 31, దించితే 74. ఇంత సేపూ కోడ్‌ని తిట్టుకున్నాను.

"సున్నా వస్తే ఏం చెయ్యమని రాశావు మావయ్యా?" అంది మేనకోడలు. పాత లెక్కే ఉంచమని రాశాను. అంటే ట్యాంకు నిండకముందే సెన్సర్ మూగబోతే, ఇంకా ఖాళీ అనుకుని మోటారు తిరుగుతూనే ఉంటుంది. నేనేమీ మాట్లాడలేదు. నా లాప్‌టాప్ వచ్చాక కంపైల్ చేసి మార్చాను, వరసగా పదిసార్లు సున్నా వస్తే మోటారు బంద్. ఈ విషయం మూడో అంతస్తులో చెప్పలేదు.

వాచ్‌మన్‌కి కొత్త కేబుల్ కొనిచ్చి, ఆయనది ఎర్ర దారం కట్టి మోటారు రూంలో మేకుకి తగిలించాను. ఫోన్ చార్జింగ్‌కని ఇప్పటికి రెండుసార్లు ఎవరో పట్టుకుపోయారు.