బేరింగు మార్చాక ఏబీఎస్ లైటు... సెన్సరు కొనాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గరండి. 2019 చివర్లో కొన్న చిన్న కారు. ముందు ఎడమ చక్రం దగ్గర గుయ్‌మని సౌండొస్తుంటే పాలకొల్లులో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను, బేరింగు పోయిందని కొత్తది వేశారు, సౌండు పోయింది, హమ్మయ్య అనుకుని వస్తుంటే ఏబీఎస్ లైటు వెలిగింది, ఎప్పుడు వెలిగిందో గానీ నేను చూసింది చించినాడ వంతెన మీద. బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఆరిపోద్ది, వీధి చివరికెళ్ళేసరికి మళ్ళీ వెలుగుద్ది. మెకానిక్‌ని అడిగితే చక్రం స్పీడు చూసే సెన్సరు పోయిందండీ, దానికీ నా పనికీ సంబంధం లేదు, కొత్తది తెచ్చుకోండి అంటున్నాడు. కొనమంటారా? ఈలోగా బండి తిప్పొచ్చా?

జవాబు: కొనకండి, ఇప్పుడే అయితే అస్సలొద్దు. స్టార్ట్ చేస్తే ఆరిపోద్ది, కదిలాక వెలుగుద్ది అని రాశారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. కనెక్టరు పెట్టడం మర్చిపోయినా, వైరు తెగినా మామూలుగా తాళం తిప్పగానే కంప్యూటరు పట్టేస్తుంది, లైటు ఆరనే ఆరదు. మీ బండిలో వైరింగు వరకు బానే ఉన్నట్టుంది, చక్రం తిరుగుతున్న సంగతే దానికి చేరట్లేదు. మిగతా మూడు చక్రాల సెన్సర్లూ స్పీడు ఇరవై అంటుంటే ఇదొక్కటీ సున్నా అంటోంది, దాంతో ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ అవకుండా చూసేది, మనకెందుకులే అని పక్కకి తప్పుకుంది.

నా అనుమానం బేరింగు తిరగేసి దించారని. ఇప్పుడొచ్చే చాలా బళ్ళలో బేరింగుకి ఒక మొహం మీద నల్లగానో ముదురు గోధుమరంగులోనో రబ్బరు పట్టీలాంటిది ఉంటుంది, చూస్తే ఉత్త సీలే అనుకుంటాం, కానీ అది ఉత్తర దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కనొకటి పేర్చిన అయస్కాంతం. సెన్సరు చదివేది దాన్నే. ఆ మొహం సెన్సరు వైపుకి రావాలి. తిరగబడినా బేరింగు మాత్రం బంగారంలా తిరుగుతుంది, అందుకే మీకు సౌండు పోయింది. మన వైపు చిన్న షెడ్లలో బేరింగుని నొక్కి దించే ప్రెస్ ఉండదు, హబ్బు విప్పి లేత్ షాపుకి పంపుతారు, అక్కడ కుర్రాడికి ఇది ఏ బండిదో కూడా చెప్పరు, వాడు చేతికి ఎలా వస్తే అలా దించేస్తాడు. మీ మెకానిక్ అబద్ధం ఆడుతున్నాడని నేననను, ఆయనకీ తెలిసుండదు.

ఇలా చూడండి. బండి కంప్యూటర్ని చదివే స్కానర్ పెట్టించి, పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకుని మెల్లగా నడుపుతూ నాలుగు చక్రాల స్పీడు లైవ్‌లో చూడమనండి. ఎడమ ముందుది సున్నాలోనే ఉంటే సెన్సరుకున్న ఒక్క బోల్టూ విప్పించి, బయటికి తీసి, ఆ కన్నంలో మట్టి, తుప్పు ఉంటే తుడవమనండి, అది సరిగా కూర్చోకపోయినా ఇదే గొడవ. బేరింగు ఆ కన్నంలోంచి అందితే ఒక పేపర్ క్లిప్పుని దారానికి కట్టి తగిలించండి. మెల్లగానైనా అతుక్కోవాలి. అతుక్కోలేదా, తిరగేసి ఉండొచ్చు. పెద్ద అయస్కాంతంతో మాత్రం టెస్ట్ చెయ్యనివ్వకండి, ఆ పట్టీ పాడైపోతుంది. ఇంకో మాట, అలా దించిన బేరింగుని బయటికి లాగితే సాధారణంగా దెబ్బతింటుంది, మళ్ళీ అదే వేస్తానంటే ఒప్పుకోకండి, కొత్తది ఆయన ఖర్చుతోనే వేయించుకోండి.

ఇక బండి తిప్పొచ్చు, మామూలు బ్రేకు పనిచేస్తుంది. కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అవుతాయి, అప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిన్నగానే పోతుంది, కాలవ గట్టు రోడ్లలో ముందు బండికి బాగా దూరంగా ఉండండి. ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం ఆపెయ్యండి, హ్యాండ్ బ్రేకు దించి ఉందా, బ్రేకు ఆయిలు తగ్గిందా చూసి, అయినా ఆరకపోతే నడపకుండా టోయింగ్ బండి పిలిపించుకుని తీసుకెళ్ళండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, లైటు మీద టేపు అంటించేయండి అనే పెద్దమనుషులు మనూళ్ళలో ఉంటారు, వినకండి.

ప్రశ్న: తణుకు నుంచి. సర్వీసులో ఎయిర్ ఫిల్టర్ మార్చారు, మర్నాటి నుంచి చెక్ ఇంజన్ లైటు, పికప్ కూడా తగ్గింది. ఏమై ఉంటుంది?

జవాబు: బానెట్ తీసి ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజన్‌కెళ్ళే లావు పైపు చూడండి, దాని మీదున్న ఎయిర్ ఫ్లో సెన్సరు కనెక్టరు ఊడి వేలాడుతుండొచ్చు, లేదా పైపు క్లిప్పు లూజుండొచ్చు. ఇంజన్ ఆపి, టక్‌మని చప్పుడయ్యేదాకా నొక్కండి. లైటు వెంటనే ఆరలేదని కంగారుపడకండి, ఒకట్రెండు రోజులు తిరిగాక అదే ఆరుతుంది, ఆరకపోతే స్కానర్‌తో తీయించండి.