కాలిఫోర్నియాలో పాత పిస్టల్‌కి మరలున్న బ్యారెల్ వేయించొచ్చా?

మీది 1980ల నాటి సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కో తూటా పేల్చే) పిస్టల్, పాతదే కదా, మూతి దగ్గర మరలున్న బ్యారెల్ (తూటా బయటికొచ్చే గొట్టం) బిగిస్తే తప్పేంటి అని అడిగారు. తప్పే. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 30515 సెక్షన్ ప్రకారం, మ్యాగజైన్ (తూటాలుండే అర) ఊడదీసే వీలున్న సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కి సైలెన్సర్ (పేలుడు చప్పుడు తగ్గించే గొట్టం) లాంటిది బిగించగల మరలుంటే చాలు, అది 'అసాల్ట్ వెపన్', అంటే అక్కడ నిషేధించిన ఆయుధం అయిపోతుంది. సైలెన్సర్ కొనకపోయినా సరే, ఆ నాలుగు చుట్లే కొంప ముంచుతాయి. పాతదన్న మినహాయింపు 1899కి ముందు తయారైన వాటికే. వాటి పక్కన మీ పిస్టల్ పసిపిల్ల. పిడి పలకలు, గురి చూసే సైట్లు మార్చుకోవచ్చు. పాలిష్ పెట్టించేటప్పుడు సీరియల్ నంబర్ మాత్రం చెరిపించకండి, అది వేరే నేరం. పక్కనున్న నెవాడాలో ఇదే బ్యారెల్ మామూలు సరుకు. అయినా ఇక్కడ బిగిస్తే వర్తించేది ఇక్కడి చట్టమే.