సభ ముగిసింది, తీర్మానం ఏదీ? – సంఘాల నిర్వహణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మా కాలనీ సంక్షేమ సంఘం మీటింగు ఆదివారం పదిన్నరకని నోటీసు పెడతాం. పదకొండున్నరకు మొదలవుతుంది, మధ్యాహ్నం రెండైనా ఏదీ తేలదు. నీళ్ల ట్యాంకర్ల సంగతి మూడు మీటింగుల నుంచి నలుగుతూనే ఉంది. ఏం చేయాలి?
– ఒక కార్యదర్శి, అనంతపురం

మీ అజెండా కాగితం ఒకసారి తీసి చూడండి. అందులో బహుశా "నీటి సమస్య" అని రెండు మాటలే ఉంటాయి. అలా రాస్తే ఒకాయన బోరు గురించి, ఒకాయన మున్సిపాలిటీ గురించి, ఇంకొకాయన పదేళ్ల కిందటి పైపులైను గురించి మాట్లాడతారు. ముగ్గురూ అజెండా దాటలేదు, అయినా ముగ్గురి మాటలూ ఒకచోట కలవలేదు. అదే అంశాన్ని ఇలా రాయండి: "ఏప్రిల్, మే నెలల్లో రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పించుకోవాలా? తెప్పించుకుంటే ఇంటికి ఎంత వేసుకోవాలి?" ఇక అవును, కాదు, ఇంత అని తప్ప వేరే జవాబుకు చోటుండదు. కొటేషన్లు రెండు మూడు ముందే తెప్పించి నోటీసుతోపాటు పంపండి. రేటు ఎంతో తెలియని సభ అరగంట సేపు రేటును ఊహిస్తూ కూర్చుంటుంది.

గంటన్నర సభకు డబ్బుతో ముడిపడ్డ అంశాలు రెండు, మహా అయితే మూడు పెట్టుకోండి. పోయినసారి మినిట్స్ (సభలో జరిగినదాని రాత) చదివి ఖాయం చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ వెంటనే బరువైన అంశం ఎత్తుకోండి. సమాచారం చెప్పుకునేవి, అభినందనలు చివరికి నెట్టండి. మనవాళ్లు చేసేది దీనికి తలకిందులు: వేదిక మీదికి ఆహ్వానాలు, శాలువాలు, "వేదికనలంకరించిన పెద్దలకు" అంటూ ప్రసంగాలు ముందు పెట్టి, అందరికీ ఆకలేసే వేళకు లెక్కలు తీస్తారు. శాలువాలు కప్పాల్సి వస్తే వార్షికోత్సవం నాడు కప్పుకోండి. కార్యవర్గ సమావేశంలో వేదికే అక్కర్లేదు, కుర్చీలు గుండ్రంగా వేస్తే సరిపోతుంది.

చర్చ మొదలయ్యాక అధ్యక్షుల వారు తన అభిప్రాయం చివర చెప్పాలి. ఆయన ముందే "నాకైతే ఇదే మంచిదనిపిస్తోంది" అంటే మన వైపు పెద్దాయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు అరుదు. కాదనుకున్నవాళ్లు లోపల నోరు మూసుకుని, బయట టీ కొట్టు దగ్గర రెండో మీటింగు పెడతారు. ఒక్కొక్కరికి రెండు నిమిషాల చొప్పున ఒక చుట్టు తిప్పండి. ఎప్పుడూ ముందు వరస నుంచే మొదలుపెట్టకండి, ఈసారి వెనక కూర్చున్న ఆడవాళ్ల నుంచి అడగండి. అందరికీ ఒక మాట దక్కాకే ఎవరికైనా రెండో మాట.

"అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" అనే ఆఖరి వరస దగ్గర జాగ్రత్త. సగం మంది వెళ్లిపోయాక అక్కడ లక్ష రూపాయల ఖర్చు పాస్ చేయించుకోవడం పాత ఎత్తు. ఆ వరస కింద డబ్బు తీర్మానాలు, బైలా (సంఘం నియమావళి) మార్పులు, తొలగింపులు చేయకూడదని కార్యవర్గంలో ఒక నియమం రాసుకోండి.

మినిట్స్ పుస్తకంలో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాశారు. మేం నలుగురం వద్దన్నాం. సంతకాలు మాత్రం మావీ ఉన్నాయి. ఇప్పుడేం దారి?
– సంఘ సభ్యుడు, కడప

మీ సంతకాలు ఎక్కడున్నాయో చూడండి. సభకు రాగానే హాజరు కోసం పెట్టినవైతే అవి మీరు వచ్చారని మాత్రమే చెబుతాయి, ఒప్పుకున్నారని కాదు. చిక్కేమిటంటే చాలా సంఘాల్లో ఖాళీ పేజీ పైన సంతకాలు పెట్టించుకుని, "రాత తర్వాత చూసుకుంటాం" అంటారు. అప్పుడు మీ సంతకం కింద ఏముంటుందో రాసినవాళ్ల చేతిలో ఉంటుంది. ఖాళీ పేజీలో సంతకం పెట్టమంటే పెట్టకండి. హాజరుకు వేరే రిజిస్టరు పెట్టమనండి, లేదా పేజీ పైన "హాజరైనవారు" అనే శీర్షిక, తేదీ రాసి, మీ పేరు ఎదురుగానే సంతకం చేయండి.

జరిగిపోయినదానికి దారి ఉంది. వచ్చే సభలో మినిట్స్ ఖాయపరిచే అంశం వచ్చినప్పుడు లేచి, "మేం నలుగురం వ్యతిరేకించాం, అది నమోదు కాలేదు" అని చెప్పి, అదే మాట కాగితం మీద రాసి కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. మినిట్స్ ఖాయం చేయడమంటే రాసింది సరిగ్గా ఉందా లేదా చూడడమే. తీర్మానాన్ని తిరగదోడాలనుకుంటే అది వేరే అంశంగా అజెండాలో రావాలి. ఈ రెండూ కలిపేస్తే ప్రతి సభా పోయిన సభే అవుతుంది.

తీర్మానం ఎలా రాయాలో కార్యదర్శులకూ చెబుతాం. "నీటి ట్యాంకర్ల విషయం చర్చించి తగు చర్యలు తీసుకోవాలని నిర్ణయించడమైనది" – ఇది తీర్మానం కాదు, ఆర్నెల్ల తర్వాత ఎవరికి నచ్చినట్టు వాళ్లు చదువుకోవచ్చు. ఇలా ఉండాలి:

"తీర్మానం నం. 7/2025–26. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పించుటకు, ఇంటికి నెలకు రూ. 400 (నాలుగు వందలు) వసూలు చేయుటకు, ఖర్చు సంఘం బ్యాంకు ఖాతా నుంచి చెక్కు ద్వారా చెల్లించుటకు తీర్మానించడమైనది. అమలు: సహాయ కార్యదర్శి, మార్చి 25లోగా. ప్రతిపాదించినవారు..., బలపరచినవారు... అనుకూలం 19, వ్యతిరేకం 4."

ఎంత, ఎవరు, ఎప్పటిలోగా, ఏ ఖాతా నుంచి, ఎందరు కాదన్నారు – ఈ అయిదూ ఉంటే చాలు. ఎవరేం మాట్లాడారో అంతా రాయనక్కర్లేదు. బైండు పుస్తకం కొని, రాయకముందే పేజీలన్నిటికీ నంబర్లు వేయండి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేయండి, వైట్‌నర్ పూయకండి. చివర మిగిలిన ఖాళీలో అడ్డగీత కొట్టండి. అన్నిటికంటే ముఖ్యం, జనం లేవకముందే తీర్మానాలు పైకి చదివి, "అభ్యంతరమా?" అని అడిగి ఊరుకోకుండా చేతులెత్తించి లెక్కపెట్టి, అధ్యక్షుల సంతకం అక్కడే పెట్టించండి. ఇంటికి పోయి తీరిగ్గా రాసిన మినిట్స్‌లోనే ఏకగ్రీవాలు పుడతాయి.

మా సంఘంలో 94 మంది సభ్యులం. కోరం (సభ చెల్లడానికి కనీసం రావాల్సిన సభ్యులు) మూడో వంతు. 31 మంది వచ్చారు, మీటింగు జరిపేశాం. ఒకాయన చెల్లదంటున్నాడు.
– ప్రొద్దుటూరు

ఆయన మాటే నిజం. 94లో మూడో వంతు 31.33, అంటే 31 మంది మూడో వంతు కాలేదు. 32 మంది కావాలి. అయితే ముందు బైలా తీసి, చందా బాకీ ఉన్నవాళ్లు లెక్కలోకి వస్తారో లేదో చూడండి. రారని ఉండి, అలాంటివాళ్లు పది మంది ఉంటే మీ లెక్క 84 మీద, కోరం 28. అప్పుడు బాకీ లేనివాళ్లే 28 మంది వచ్చి ఉండాలి. వాయిదా పడ్డ సభకు కోరం అక్కర్లేదని చాలా బైలాల్లో ఉంటుంది, కానీ మీదాంట్లో రాసి ఉంటేనే అది మీకు పనికొస్తుంది. తలలు మొదట్లోనే కాదు, ఓటు వేసే వేళా లెక్కపెట్టండి. నోటీసు గడువు 14 రోజులంటే నోటీసు ఇచ్చిన రోజు, సభ రోజు రెండూ వదిలేసి 14 లెక్కేసుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. వేరుశనగ విత్తే జూన్, జూలైలలో సర్వసభ్య సమావేశం పెట్టి, పల్లెల నుంచి జనం రాలేదని వాపోవద్దు.

వినాయక చవితికి చందాలు వసూలు చేస్తాం. కేసీ కెనాల్లో నిమజ్జనం అయ్యాక లెక్కల మీద ప్రతి ఏడూ గొడవే. ఎవరూ తిన్నది లేదు, అయినా అనుమానాలు. ఎలా నడపాలి?
– యువజన సంఘం, కర్నూలు

కోశాధికారి సొంత ఫోన్ నంబరుకు డబ్బు వేయించుకుంటున్నారా? గొడవకు మూలం సగం అక్కడే ఉంది. ఆయన ఇంటి పాల బిల్లూ, మీ మండపం అడ్వాన్సూ ఒకే ఖాతాలో కలిసిపోతే దేవుడు కూడా విడదీయలేడు. సంఘం పేరు మీద ఖాతా తెరిచి, ముగ్గురిలో ఎవరైనా ఇద్దరి సంతకంతో నడిచేలా రాసివ్వండి. ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. క్యూఆర్ కోడ్ కూడా ఆ ఖాతాదే పెట్టండి.

రశీదు పుస్తకాలకు వరస నంబర్లు ఉండాలి. ఏ పుస్తకం ఎవరికిచ్చారో, ఎన్ని రశీదులతో తిరిగొచ్చిందో ఒక పేజీలో రాయండి. వాడని రశీదులూ వెనక్కి రావాలి, చెడిపోయిన రశీదు కూడా పుస్తకంలోనే ఉండాలి. బియ్యం బస్తా, నూనె డబ్బా ఇచ్చేవాళ్లకూ రశీదు ఇవ్వండి. అనుమానాలు ఎక్కువగా వాటి దగ్గరే మొదలవుతాయి.

వసూళ్ల రోజుల్లో రాత్రికి రాత్రి క్యాష్ బుక్ ముగించండి. ఉదాహరణకు నిన్నటి నిల్వ 3,240, ఈరోజు వసూలు 18,500, బ్యాంకులో వేసింది 17,000, వోచర్లతో ఖర్చు 2,160. నిల్వ 2,580 ఉండాలి. ఇప్పుడు డబ్బా తెరిచి నోట్లు లెక్కపెట్టండి: 500 నోట్లు నాలుగు, 100 నోట్లు అయిదు, పదులు ఎనిమిది. సరిపోయింది, ఇద్దరు సంతకం చేయండి. తగ్గితే తగ్గిందనే రాయండి, జేబులోంచి వేసి సరిచేయకండి. ఈరోజు వంద వేసినవాడిని రేపు వంద తీసినా ఎవరూ అడగలేరు. నిమజ్జనమైన వారంలోగా జమాఖర్చులు కాగితం మీద రాసి మండపం పెట్టిన చోటే అంటించండి.

మా పొదుపు సంఘానికి తొమ్మిదేళ్లుగా ఒకే లీడరు. మంచిదే, కానీ పాసు పుస్తకం ఆమె ఇంట్లోనే ఉంటుంది. అడిగితే బాధపడుతుందేమో.
– తాడిపత్రి దగ్గర పల్లె నుంచి

మనిషిని అడగకండి, మీటింగులో పుస్తకాలు అడగండి. పంచసూత్రాలు మీకు తెలిసినవే: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, సరైన పుస్తకాలు. అయిదోదాని కింద ప్రతి సమావేశంలో పాసు పుస్తకం చేతులు మారి అందరి దగ్గరికీ రావాలని, చదవడం రానివాళ్లకు పైకి చదివి వినిపించాలని తీర్మానం రాయించండి. లీడర్లను రెండేళ్లకోసారి మార్చుకోవడం మేలు. మార్చినప్పుడు తీర్మానం నకలు తీసుకుని బ్యాంకులో సంతకాలు కూడా మార్పించండి. అది మరిచిపోతే కొత్త లీడరు పేరుకే, డబ్బు తీసేది పాత లీడరే.

ఎన్నికల్లో ఓడిన పాత కార్యదర్శి రికార్డులు ఇవ్వడం లేదు. మేమే అసలు కార్యవర్గం అంటూ ఆయన వర్గం వేరే జాబితా పెట్టిందట.
– కర్నూలు జిల్లా

మీది ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టరైన సంఘమైతే ముందు మీ జాబితా, ఎన్నిక జరిగిన సభ మినిట్స్ నకలు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయండి, 15 రోజులు దాటనివ్వకండి. అక్కడ జాబితా తీసుకున్నంత మాత్రాన ఎవరిది న్యాయమో తేలినట్టు కాదు. అలాంటి వివాదానికి ఆ చట్టం 23వ సెక్షన్ రెండు దారులు చూపింది: మధ్యవర్తిత్వం, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు. బ్యాంకుకు కూడా అదే రోజు తీర్మానం నకలుతో ఉత్తరం ఇవ్వండి.

పాత కార్యదర్శికి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, ఏవేవి అప్పగించాలో పేరుపేరునా అడగండి: మినిట్స్ పుస్తకాలు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, సభ్యుల రిజిస్టరు, క్యాష్ బుక్, వాడిన, వాడని రశీదు పుస్తకాలు నంబర్లతో, చెక్కు పుస్తకం, పాన్ కార్డు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలు ప్రతి, ముద్ర, ఆఫీసు తాళాలు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ హక్కులు, ఈమెయిల్ పాస్‌వర్డు కూడా అందులో రాయండి, అవి అందరూ మరిచేవే.