నీళ్లు ఓనరువి, పని మేస్త్రీది, మరి తుప్పు ఎవరిది?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర ఏడు సెంట్ల కొబ్బరి తోట మెరక చేసి ఇల్లు మొదలెడుతున్నారు. లేబర్ కాంట్రాక్టు, సామాను మీది. "పనిలో ఏ నిర్లక్ష్యం జరిగినా పూర్తి బాధ్యత కాంట్రాక్టరుదే" అని అగ్రిమెంటులో రాయిస్తున్నారు. అది చాలుతుందా అని.

చాలదండి. నా అగ్రిమెంటులోనూ అచ్చం ఇలాంటి వాక్యమే ఉండేది. స్లాబ్ ఊచలు తుప్పు పట్టాక ఆ కాగితం తీసుకుని లాయరు దగ్గరికి వెళ్తే ఆయన దాని జోలికే పోలేదు. నాలుగు లైన్ల కింద ఉన్న ఇంకో వాక్యం మీద వేలు పెట్టాడు: "పనికి కావలసిన నీళ్లు, కరెంటు ఓనరు ఇచ్చుకోవాలి."

మాది రాజోలు వైపు. 2014 మే నెలలో స్లాబ్ వేశాం. ఆ రోజుల్లో ఇక్కడ నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు, దాళ్వా (రెండో పంట) అయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పటిదాకా కాలువ నీళ్లతో నడిచిన పని ఆగింది. ట్యాంకరు తోలించాలి, లేదంటే పెరట్లో బోరు. మా బోరు నీళ్లు ఉప్పన, మరగబెడితే గిన్నె అడుగున తెల్లగా చారిక కడుతుంది, పప్పు ఎంతసేపటికీ ఉడకదు. మేస్త్రీ ఫోన్ చేసి "సెంట్రింగ్ అద్దె పెరిగిపోతోందండి, బోరు నీళ్లతో కానిచ్చేద్దామా?" అన్నాడు. "సరే కానీండి" అన్నాను. ఆ రెండు మాటలకీ తర్వాత బాగా ఖర్చయింది.

2018 మొదట్లో వంటింటి సన్‌షేడ్ అడుగున గోధుమ రంగు గీత కనిపించింది, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. వేలితో కొడితే డొల్ల చప్పుడు. వారం తిరక్కుండానే పెచ్చు ఊడి పడింది. లోపల ఊచ ఉబ్బి, పొరలు పొరలుగా తుప్పు. ఊచకి, బయటి అంచుకి మధ్య అర అంగుళం కాంక్రీటు కూడా లేదు. ఊచ చుట్టూ కాంక్రీటు నిండేలా ఎత్తి ఉంచే కవరింగ్ బిళ్లలు పెట్టాల్సిన చోట కంకర రాళ్లు దొరికాయి.

నీళ్లలో ఉప్పున్నా, కవరింగ్ చాలకపోయినా ఊచ తుప్పు పడుతుంది. అంటే ఉప్పు నాది, కవరింగ్ అతనిది. ఏ తుప్పు ఎవరి వాటా అని ఎవరు చెబుతారు? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినవాడు దానివల్ల సహజంగా కలిగిన నష్టం ఇచ్చుకోవాలి. కానీ ఆ నష్టం అతని తప్పు వల్లే వచ్చిందని నేను నిరూపించుకోవాలి. "నీళ్లు మీయేగా అండీ" అన్న అతని ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు. పైగా ఒప్పందం తప్పినందుకు దావా వేయడానికి గడువు మూడేళ్లు, అది తప్పు జరిగిన రోజు నుంచి లెక్క, మనం చూసిన రోజు నుంచి కాదు. చివరికి పెద్దమనుషుల్లో కూర్చుని, రిపేరుకి కూలి అతను, సామాను నేను అనుకున్నాం. అతని మీద నాకు కోపం లేదు. కాంక్రీటుకి ఏ నీళ్లు వాడాలో కాగితం మీద అతనికి ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

అందుకని "నిర్లక్ష్యం" అనే మాట మీద ఆధారపడకండి. ఒకరి పని ఆగి ఇంకొకరి పని మొదలయ్యే ప్రతిచోటా ఎవరు నిర్ణయిస్తారో, ఎవరు చూసి సంతకం పెడతారో రాయించండి. నీళ్లు ఓనరువే అయితే, పరీక్ష చేయించి రిపోర్టు ఇచ్చేది ఓనరు, రిపోర్టు లేని నీళ్లతో పని చేయకూడనిది కాంట్రాక్టరు. కాంక్రీటుకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం ఊచ ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడు (ఉప్పులో ఉండేది) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆ అంకె అగ్రిమెంటులో ఎక్కించండి. స్లాబ్ పోసే ముందు ఊచ, కవరింగ్ ఇంజనీరు చూసి సంతకం పెట్టాలి. ఫోన్లో ఏది ఒప్పుకున్నా సాయంత్రానికి వాట్సాప్‌లో ఒక లైను పెట్టండి.

మీకు అసలు టెన్షన్ మెరక దగ్గరే ఉంటుందనుకుంటాను. గ్రావెల్ తోలించింది మీరు, దాని మీద గచ్చు వేసేది అతను. రేపు గచ్చు కుంగితే "మట్టి మీరు తోలిందే" అంటాడు. ఆరంగుళాల పొరలుగా పరిచి, తడిపి, దిమ్మిస కొట్టే పని ఎవరిదో పేరు పెట్టి రాయండి. పునాది మెరక దాటి అసలు నేలలోకి ఎంత దిగాలన్నది మేస్త్రీ అంచనాకి వదలొద్దు, అది ఇంజనీరు సంతకం ఉన్న డ్రాయింగులో ఉండాలి. డ్రాయింగే తప్పయితే ఇంజనీరు, డ్రాయింగు తప్పి కడితే కాంట్రాక్టరు. అయితే మేస్త్రీతో రాసుకున్న కాగితం ఇంజనీరుని కట్టేయదు, ఆయనతో విడిగా ఒకటి రాసుకోవాలి.

ఐదేళ్ల గ్యారంటీ చట్టంలోనే ఉందిగా అని ఎవరైనా అంటే నమ్మకండి. అది 2016 రెరా చట్టం, ఫ్లాట్లు కట్టి అమ్మేవాళ్లకి. మన స్థలంలో మనం కట్టించుకునే ఇంటికి అది రాదు. లోపాలు సరిచేసే గడువు మనమే రాసుకోవాలి, నేనైతే కనీసం మూడు వర్షాకాలాలు అడుగుతాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, కానీ అక్కడ గడువు రెండేళ్లే. అన్నిటికంటే పనిచేసేది, ప్రతి బిల్లులో నూటికి ఐదు పట్టి ఉంచి, ఆ గడువు తీరాక ఇవ్వడం. మేస్త్రీ గొణుగుతాడు, గొణగనివ్వండి.

ఇంకా సంతకాలు కాలేదన్నారు కదా. ముందు "నీళ్లు, కరెంటు ఓనరు" అన్న లైను మీ డ్రాఫ్టులో ఉందేమో చూడండి.